పిసరంత బిగువు

నిదానం అక్క తన మొగుడితో ఇన్నేళ్ళు కాపురం చేసింది గానీ, ఆయన ఊపిరి చప్పుడు తమ్ముడు విన్నంతగా ఆవిడ కూడా వినలేదు. ఎకసెక్కానికి అంటున్న మాట కాదిది. ఆవిడ మొగుడు చెట్లు కోసే మనిషి, తమ్ముడు క్రేను నడిపే మనిషి. ఇద్దరి హెల్మెట్లలోనూ మాట వినపడే యంత్రాలున్నాయి. పొద్దున్న పని మొదలయింది మొదలు సాయంత్రం దిగేదాకా బావ చెట్టు మీద తీసే ప్రతి ఊపిరీ, దగ్గే ప్రతి దగ్గూ, కొమ్మల్ని తిట్టే ప్రతి తిట్టూ తిన్నగా బామ్మర్ది చెవిలోకే వచ్చి పడతాయి. బావలతో బామ్మర్దులు పడే పాట్లు లోకంలో చాలా ఉన్నాయి. బావని చెవిలో పెట్టుకుని రోజంతా మోసే పాటు మాత్రం ఇతనొక్కడికే రాసిపెట్టి ఉంది.

నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, బావ తగిలించింది. అక్క పెళ్ళయిన కొత్తలో ఒకసారి బావా బామ్మర్దీ కలిసి బజారుకి బయల్దేరారు. బామ్మర్ది గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకోవడం చూసి చూసి బావకి ఓపిక చచ్చిపోయింది. "ఏం మనిషివిరా బాబూ! నువ్వు రెండో బూటు కట్టుకునేలోపు నేను బజారుకి పోయి, బేరమాడి, కొట్టువాడితో దెబ్బలాడి ఇంటికొచ్చేస్తాను" అన్నాడు. ఆ రోజునుంచి నిదానమే. ఇప్పుడు పెళ్ళాం కూడా కోపమొస్తే అలాగే పిలుస్తుంది. అయితే నలుగురూ నవ్వుకున్న ఆ నెమ్మదే చివరికి అతనికి అన్నం పెట్టింది. తొందర మనిషి చేతికి ఏమైనా ఇవ్వొచ్చు గానీ క్రేను ఇవ్వకూడదు.

మొదట్లో అతను గోదాముల దగ్గర ఇనుప సామాను ఎత్తేవాడు. ఇనుముతో గొడవ లేదు. దాని మీద బరువు ఎంతని రాసి ఉంటే అంతే ఉంటుంది, మాట్లాడదు, ఊపిరి తియ్యదు. అక్కడినుంచి బావే లాక్కొచ్చాడు. "చెట్టు మీద నేనుంటే తాడు నీ చేతిలో ఉండాలిరా. ఇంకెవడి చేతిలో ఉన్నా నాకు పైన నిద్ర పట్టదు" అన్నాడు, అక్కడికేదో పైన నిద్రపోయే మనిషికి మల్లే! ఆ మాటకి అక్క పొంగిపోయింది. నిదానం కూడా పొంగిపోయాడు, కాకపోతే అతను పొంగినట్టు బయటికి కనపడడానికి కొంచెం టైము పడుతుంది.

అదంతా పాత సంగతి. ఇప్పుడు అతను అలిసిపోయాడు. క్యాబిన్లో సీటు చిరిగి స్పాంజి బయటికి వస్తే ఇంట్లోంచి పాత దిండొకటి తెచ్చి దానిమీద వేసుకున్నాడు. ఆ దిండు అతని నడుం ఆకారానికి వచ్చిందో, నడుమే దిండు ఆకారానికి వచ్చిందో ఇప్పుడు చెప్పడం కష్టం. పొద్దస్తమానం తల పైకెత్తి చూసి చూసి మెడ పట్టేసి ఉంటుంది. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ముద్ద చేతిలో ఉండగానే కునికిపాట్లు పడతాడు. "తిని పడుకో, లేదంటే పడుకుని లేచి తిను. రెండూ ఒకేసారి చెయ్యకు" అంటుంది పెళ్ళాం. ఒళ్ళు అలిసినదానికి నిద్ర చాలు. ఇతనిది ఒంటి అలసట ఒక్కటే కాదు. రోజంతా ఒక మనిషి ఊపిరికి కాపలా కూర్చునే అలసట ఇది, సెలవు రోజున పడుకుంటే పోయేది కాదు.

ఆ పని ఎలా సాగుతుందో చెబితే గానీ మిగతా సంగతి అర్థం కాదు. ఇళ్ళ మధ్యలో పెద్ద చెట్టు పుచ్చిపోయిందనుకోండి, మొదలు దగ్గర నరికి పడగొట్టడానికి లేదు. ఎటు పడినా ఎవరిదో ఒకరి ఇంటిమీదే పడుతుంది. అందుకని పైనుంచి కిందికి ముక్కముక్కగా విప్పుకుంటూ రావాలి. క్రేను కొక్కేనికి తగిలించుకుని బావ కొమ్మల్లోకి వెళతాడు. కొయ్యబోయే కొమ్మకి బెల్టులు చుట్టి, వాటిని కొక్కేనికి తగిలిస్తాడు. తను వేరే తాడు పట్టుకుని కిందికి జారి, కోతకి దిగువన మానుకి నడుం కట్టుకుంటాడు. అక్కడినుంచి కొమ్మని కంటితోనే తూచి బరువు చెబుతాడు. ఆ బరువుకి సరిపడా నిదానం తాడు బిగిస్తాడు. అప్పుడు కోత.

బిగువు సరిగ్గా ఉంటే తెగిన కొమ్మ ఉన్నచోటే గాల్లో నిలబడుతుంది. నిదానం దాన్ని నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, ఇంటి కప్పు మీదుగా తెచ్చి వీధిలో పడుకోబెడతాడు. బిగువు తక్కువైతే కొమ్మ బరువంతా రంపం మీద కూర్చుంటుంది. రంపం ఇరుక్కుపోయి, కోసేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది. బిగువు ఎక్కువైతే కోతకి హాయిగానే ఉంటుంది, రంపం వెన్నలో దిగినట్టు దిగుతుంది. కాని తెగిన మరుక్షణం కొమ్మ ఎగురుతుంది. ఎగిరిన కొమ్మ ఎటు ఊగుతుందో ఎవరికీ తెలియదు, దాని పక్కనే చెట్టుకి కట్టేసుకుని ఒక మనిషి ఉంటాడు.

బావ కుడి భుజం కిందటి చలికాలంలో చెడిపోయింది. చేతి వేళ్ళకి తిమ్మిరి దిగుతోంది. ఈ సంగతి బావ చెప్పలేదు, అక్క చెప్పింది.

"పొద్దున్నే చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నార్రా. నేను పెట్టబోతే కసురుతున్నారు. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. గ్లాసు జారితే పోయేదేముంది, ఊడ్చి పారేస్తాను. అంతెత్తున రంపం పట్టుకునే చెయ్యి కదరా అది! నువ్వు చెప్పు, నీ మాటైతే వింటారు."

చెప్పాలనే అనుకున్నాడు నిదానం. అసలే నోట్లో నాలుక లేని మనిషి. చెప్పబోయిన ప్రతిసారీ బావ ఏదో ఒక జోకేస్తాడు, ఇతను నవ్వుతాడు, మాట గొంతులోనే ఉండిపోతుంది. నోటితో చెప్పలేనివాడు చేత్తో చేశాడు. ఒకరోజు ఇరుక్కున్న రంపంతో బావ పెనుగులాడుతుంటే, చెవిలో ఆ రొప్పు వినలేక, అడక్కుండానే తాడు ఒక పిసరు బిగించాడు. రంపం వదిలింది. ఊపిరి తేలికపడింది. మర్నాడు ఇరుక్కోకముందే బిగించాడు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. తీపి ఇష్టమైన మనిషికి టీలో అడక్కుండానే ఇంకో అరచెంచా చక్కెర వేసినట్టు, బావ ఎంత బరువు చెబితే దానిమీద ఒక పిసరు.

బావకి తెలియదు. కింద పనిచేసేవాళ్ళకీ తెలియదు. క్యాబిన్లో చిన్న తెర మీద బరువు అంకె కనబడుతుంది, దాన్ని చూసేవాడు నిదానం ఒక్కడే. చేస్తున్నది తప్పని అతనికి బాగా తెలుసు. తెలిసినా చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? పిసరు వేసిన మరుక్షణం బావ ఊపిరి కుదుటపడడం చెవిలో వినబడుతుంటే, అలసిపోయిన మనిషికి అంతకంటే కావలసిందేముంది?

ఇలా ఉండగా మేస్త్రీ బావకో మాట చెప్పాడు. ఈ పనులన్నీ ఒప్పుకుని మనుషుల్ని తిప్పేది మేస్త్రీనే. కరుకు మనిషి గానీ చెడ్డవాడు కాదు. కింద నిలబడి పని నడిపించే పెద్దాయన ఒకాయన మోకాళ్ళ నొప్పులతో మానేస్తున్నాడు. ఆ చోటు బావని తీసుకోమన్నాడు. చెట్టెక్కక్కర్లేదు. ఏ కొమ్మ ముందు తియ్యాలి, ఏది తర్వాత, క్రేను ఎక్కడ నిలపాలి, ఇవన్నీ చూసుకుంటే చాలు. "నువ్వు కాదంటే ఇంకో మనిషిని చూసి పెట్టుకున్నాను. సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చు" అన్నాడు ఇవాళ పొద్దున్నే, వీధిలో అందరి ముందూ. అలాంటి కబురు మళ్ళీ మళ్ళీ రాదు. అది చెయ్యిదాటితే బావకి ఇంక చెట్టే గతి. చెట్టు మీదనుంచి ఎప్పటికైనా కిందికి రావలసిందే. తనంతట తను దిగి వస్తాడా, పడి వస్తాడా అన్నదొక్కటే తేలాలి.

ఇవాళ్టి చెట్టు ఒక రెండంతస్తుల ఇంటి వెనక ఉంది. క్రేను ఇంటి ముందు వీధిలో ఉంది. మధ్యలో ఇల్లు. నిదానానికి కప్పు పైన చెట్టు తల కనబడుతుంది, బావ అసలే కనబడడు. చెవిలో గొంతు, తెర మీద అంకె, ఈ రెండే దిక్కు. ఇంటాయన ఒకటే హైరానా పడుతున్నాడు. చెట్టు పోతోందని కాదు, కప్పు మీది పెంకుల కోసం. "పెంకులు జాగ్రత్తండీ" అని క్యాబిన్ దగ్గరికొచ్చి చెబుతాడు, వెళతాడు, ఇంకేదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి మళ్ళీ అదే చెబుతాడు.

"ఆయన పెంకుల సంగతి తర్వాత. నా పెంకు సంగతి చూడరా ముందు" అన్నాడు బావ, తల మీద తట్టుకుంటూ. ఆ టకటక కూడా నిదానం చెవిలో వినబడింది.

పై కొమ్మలు బాగానే వచ్చాయి. కింద ముగ్గురు మనుషులు వాటిని నరికి లారీకి ఎత్తుతున్నారు. తర్వాత ఇంటివైపు వాలిన పెద్ద కొమ్మ వంతు వచ్చింది. బావ బెల్టులు చుట్టాడు, కిందికి జారాడు, నడుం కట్టుకున్నాడు. ఈ మూడు పనులకీ మూడు రకాల రొప్పు.

"మూడొందలేభై కిలోలు ఉంటుందిరా" అన్నాడు.

నిదానం అంతదాకా బిగించి, అలవాటు ప్రకారం పిసరు కలిపాడు. రంపం మోత మొదలైంది. కోత హాయిగా సాగుతోంది. ఉన్నట్టుండి తెర మీద అంకె సగానికి పడిపోయింది. కొమ్మ లోపలంతా గుల్ల, చెప్పిన బరువులో సగం కూడా లేదు. ఇంటి కప్పు మీద ఆకుల గుబురు ఒక్కసారిగా పైకి లేచి, పక్కకి ఊగింది. చెవిలో ఠపీమని చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

నిదానం సీట్లోంచి ముందుకి వంగాడు. "బావా!" అన్నాడు. జవాబు లేదు. "బావా, పలుకు!" కింద మనుషులు చేతుల్లో పని ఆపి అతని మొహంలోకి చూస్తున్నారు. మీట మీద చెయ్యి కదపకూడదు, కదిపితే పైన ఏమవుతుందో తెలియదు. అంత నిదానం మనిషికీ ఆ క్షణాన లేచి గోడ దూకి పరిగెత్తాలనిపించింది.

చివరికి దగ్గు వినబడింది. దాని వెనకే నవ్వు.

"ఉన్నాన్రా, ఉన్నాను. నెత్తిమీద మొట్టికాయ వేసింది. లోపల గుల్లరా ఇది. నేనే తప్పు తూచాను."

తూకం తప్పిందన్నది నిజమే. లోపలి తొర్ర బయటికి కనబడదు, అంతటి బావకీ కనబడలేదు. కాని ఆ పైన వేసిన పిసరు లేకపోతే కొమ్మ అంతెత్తు లేచేది కాదు, తలదాకా వచ్చేదీ కాదు. హెల్మెట్ నిలువునా పగిలింది. మేస్త్రీ తిట్టుకుంటూ ఇంకోటి పంపించాడు. పగిలినదాన్ని కిందివాళ్ళు చేతులు మార్చుకుంటూ చూసి, "గట్టి పిండం" అని బావని మెచ్చుకున్నారు. నిదానం దాన్ని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం పని ఆపాక అక్క ఫోన్ చేసింది. నిదానం డబ్బా విప్పి క్రేను నీడన కూర్చున్నాడు, తినబుద్ధి కావడం లేదు.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆయన చెయ్యి బాగవుతోందా?" అంది అక్క, ముందూ వెనకా ఏమీ లేకుండా. "ఈమధ్య కోత పువ్వు తుంపినంత తేలిగ్గా అవుతోందట. రంపం ఇరుక్కోవడమే లేదట. భుజం దారికొచ్చేసింది, కింద పని ముసలాళ్ళకి ఇవ్వమను, నేనింకా చాలా ఏళ్ళు పైనే ఉంటాను అంటున్నారు. సాయంత్రం మేస్త్రీకి వద్దని చెప్పేస్తారట. ఇంట్లో చూస్తే గ్లాసులు పగులుతూనే ఉన్నాయి. పైకెళ్తే మాత్రం బాగుంటోందట. అదెలారా?"

నిదానం డబ్బాలో అన్నం వేలితో అటూ ఇటూ తోశాడు.

"వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"మరి చెప్పవేం? నిజంగా బాగైందా?"

"చూస్తాను" అన్నాడు.

ఏం చూస్తాడో అక్కకి అర్థం కాలేదు. అతనికి మాత్రం అంతా అర్థమైంది. బావని కిందికి దించమని అక్క ఇన్నాళ్ళూ తన కాళ్ళావేళ్ళా పడుతోంది. బావని పైన నిలబెట్టింది తనే. ఆ భుజం బాగవలేదు, ఏమీ లేదు. ఆ భుజం చెయ్యవలసిన పని క్యాబిన్లో కూర్చుని తన చెయ్యి చేస్తోంది. దాన్ని చూసుకుని ఆ పిచ్చి మనిషి మురిసిపోతున్నాడు. ప్రేమ అనుకుని చేసిన పనికి ఇంత సిగ్గుపడవలసి వస్తుందని నిదానం ఎన్నడూ అనుకోలేదు.

లేచి బావ దగ్గరికి వెళ్ళాడు. బావ ఒక దుంగ మీద కూర్చుని ఎడం చేత్తో తింటున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, కింద పని తీసుకో."

"మీ అక్క చెప్పమందా?"

"నేనే అంటున్నాను."

"నువ్వే! నీ అంతట నువ్వే ఒక మాట అన్నావంటే ఇవాళ చెట్టు కాదు, ఆకాశం ఊడిపడేట్టుంది." బావ నవ్వాడు. "ఒరేయ్, పొద్దున్న కొమ్మని లెక్కలో వెయ్యకు, అది దొంగ కొమ్మ. మిగతావి ఎలా కోశాను చెప్పు. నీకు కనబడదులే, వినబడుతుందిగా? రంపం ఒక్కసారైనా మొరాయించిందా? నా పనికి నువ్వే సాక్షివిరా!"

నువ్వే సాక్షివి అన్నాక ఇంక ఏం చెప్పాలి? పిసరు సంగతి పెదవి దాకా వచ్చింది. చెబితే బావ నమ్మడు. నమ్మితే తట్టుకోలేడు. అంత గొప్పగా చెప్పుకుంటున్న మనిషి ముందు నిలబడి, ఆ పనితనం నీది కాదు అనడానికి నోరెలా వస్తుంది? నిదానం డబ్బా మూతపెట్టి క్యాబిన్ ఎక్కాడు. ఎక్కేటప్పుడే అనుకున్నాడు, మధ్యాహ్నం నుంచి పిసరు వెయ్యనని. బావ అడిగితే వెంటనే ఇవ్వాలి. అడగందే ఇవ్వకూడదు.

కొమ్మలు అయిపోయాయి, మిగిలింది మాను. పచ్చి చెక్క, గుల్ల లేదు.

"నాలుగొందలు" అన్నాడు బావ.

నిదానం నాలుగొందల దగ్గర ఆపాడు. చెయ్యి తన దారిన తను ఇంకొంచెం జరగబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నంత పని చేశాడు. ఇదే సరైన పద్ధతి, క్రేను నేర్పినవాళ్ళందరూ ఇలాగే చెయ్యమంటారు.

రంపం మోత మొదలైంది. సరైన బిగువు ఉన్నప్పుడు సరైన చెయ్యి కూడా కావాలి. చివరిదాకా రంపాన్ని తిన్నగా, ఆపకుండా తొయ్యాలి. చెయ్యి ఏమాత్రం వంకరపోయినా కోత నోరు మూసుకుంటుంది. సగం దాటాక మోత కాస్తా మూలుగైంది, తర్వాత ఆగిపోయింది.

"ఇరుక్కుందిరా" అన్నాడు బావ. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

చెవిలో బావ రంపంతో పెనుగులాడుతున్నాడు. లాగుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ లాగుతున్నాడు. ఆ రొప్పు ఎలా ఉందంటే, చెవి పక్కనే ఒక మనిషి మెట్లెక్కుతూ ఎక్కుతూ ఎప్పటికీ పైకి చేరకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. నిదానం కళ్ళు మూసుకున్నాడు. హెల్మెట్ తీసి పారేస్తే బాగుండుననిపించింది. అడుగు బావా, ఒక్కసారి అడుగు, అనుకున్నాడు.

"కొంచెం లాగరా" అన్నాడు బావ చివరికి.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, నిదానం లాగేశాడు. ముక్క వచ్చేసింది.

రెండో ముక్కకీ అదే అయింది. బావ రంపం గొలుసుని తిట్టాడు, మొద్దుబారిందన్నాడు. కొత్త గొలుసు పైకి తెప్పించి, చెట్టు మీదే ఉండి మార్చుకున్నాడు. వేళ్ళు మాట వినక గొలుసు రెండుసార్లు జారింది. నిదానానికి అదీ వినబడింది. కొత్త గొలుసుతో కూడా మూడో ముక్క సగంలో రంపం ఆగిపోయింది.

ఈసారి బావ పెనుగులాడలేదు. తిట్టలేదు. అడగనూ లేదు. ఊపిరి ఒక్కటే వినబడుతోంది, చాలాసేపు.

"ఒరేయ్" అన్నాడు తర్వాత. చాలా నెమ్మదిగా అన్నాడు, ఆ నెమ్మది బావది కాదు.

"ఊఁ."

"ఇన్నాళ్ళూ నువ్వు లాగావా?"

కాదనడానికి నిదానానికి ఒక్క క్షణం దొరికింది. వదిలేశాడు. "లాగాను బావా."

"ఎంత?"

"పిసరంత."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"పొద్దున్న కొమ్మకి కూడా."

ఇది ప్రశ్న కాదు. అయినా నిదానం జవాబు చెప్పాడు. "దానికి కూడా. నా వల్లే నీ తల..."

కింద ఇంటాయన వచ్చి, పని ఎందుకు ఆగిందండీ, పెంకులేమైనా పోయాయా అని అడుగుతున్నాడు. నిదానం అతనివైపు చూడలేదు. చెవిలో గాలి చప్పుడు, దాని వెనక బావ ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"సరే" అన్నాడు బావ. "సగం తెగినదాన్ని వదిలేసి రాకూడదు. నేను చెప్పినప్పుడు లాగు. చెప్పినంతే లాగు."

"అలాగే బావా."

"పిసరు."

నిదానం పిసరు లాగాడు. రంపం మోగింది, ఆగింది.

"ఇంకో పిసరు."

అలా అడుగుతూ, ఇస్తూ, ఆ ముక్కని ఇద్దరూ కలిసి తెంపారు. ఇన్నేళ్ళ పనిలో అంత చిన్న ముక్కకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. తెగాక అది ఎగరలేదు, ఊగలేదు, ఉన్నచోటే నిలబడింది. నిదానం దాన్ని వీధిలోకి దించి, ఖాళీ కొక్కేన్ని వెనక్కి పంపించాడు.

"నన్ను దించెయ్యి" అన్నాడు బావ.

క్రేను చెయ్యి పైకి లేచింది. ఇంటి కప్పు వెనకనుంచి ముందు హెల్మెట్, తర్వాత భుజాలు, తర్వాత వేలాడుతున్న బూట్లు కనబడ్డాయి. కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది, ఎడం చెయ్యి తాడు పట్టుకుంది. కప్పు మీదుగా వస్తున్నంతసేపూ బావ క్యాబిన్ వైపే చూస్తున్నాడు. నిదానం తన పేరుకి తగ్గట్టు, అంతకంటే నిదానంగా కూడా, ఆయన్ని నేలమీద నిలబెట్టాడు.

నిదానం క్యాబిన్ దిగి వచ్చేసరికి మేస్త్రీ బావకి ఎదురొచ్చాడు. "ఏమైంది? మాను ఇంకా ఉందిగా?"

"మాను రేపు వేరేవాళ్ళు కోస్తారు" అన్నాడు బావ. "కింద పని నేను తీసుకుంటున్నాను. రేపటినుంచే."

మేస్త్రీ ఏదో అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి, మానేశాడు. సరేనని వెళ్ళిపోయాడు.

బావ దుంగ మీద కూర్చుని నడుం బెల్టు విప్పబోయాడు. వేళ్ళు పట్టు దొరకక జారిపోతున్నాయి. నిదానం ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని బక్కిల్ విప్పాడు. బావ కసరలేదు.

"కోపం వచ్చిందా బావా?"

"వచ్చింది."

"లాగినందుకా?"

"లాగినందుకు కాదురా. ఇవాళ ఆపినందుకు." బావ తన కుడి చేతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువుని భద్రంగా పెట్టినట్టు. "నిజంగానే బాగైందనుకున్నాను. మీ అక్కతో కూడా చెప్పుకున్నాను."

నిదానం ఏడ్చాడు. ఏడుపు కూడా అతనికి నెమ్మదిగానే వస్తుంది, వచ్చాక ఆగదు. అక్క మాటా, పగిలిన హెల్మెట్టూ, ఇన్నాళ్ళు విన్న ఊపిరీ అన్నీ కలిసి వచ్చాయి. బావ అడ్డు చెప్పలేదు, ఓదార్చనూ లేదు, పక్కన కూర్చున్నాడు. కిందివాళ్ళు మర్యాదగా అటు తిరిగి కొమ్మలు లారీకి ఎత్తుకుంటున్నారు.

"రేపు ఎవడొస్తాడు కొయ్యడానికి?" అన్నాడు బావ కాసేపాగి.

"మేస్త్రీ ఎవర్నో పంపుతాడు. కుర్రాడెవడో."

బావ కొంచెంసేపు తెగిన మాను వైపు చూశాడు. ఇక్కడినుంచి దాని కొస మాత్రమే కనబడుతుంది.

"వాడికి కూడా అలా లాగుతావా?"

"లాగను బావా."

"ఒక్క పిసరు కూడా?"

"ఒక్క పిసరు కూడా లాగను."

బావ తల ఊపి, నిదానం భుజం మీద ఎడం చెయ్యి ఆనించి లేచాడు.